చూపుడువేలు చెప్పే కబురు

పదకొండో నెల నడుస్తున్న బిడ్డ ఉన్న ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటే: "ఇంకా నడక రాలేదా?" మా వాడు తొమ్మిదో నెలకే గడప దాటాడని ఒకరంటారు, మా మనవరాలు పుట్టినరోజు నాటికి ఇల్లంతా తిరిగేసిందని ఇంకొకరు. వాళ్లు అటు వెళ్లగానే తల్లి బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి చూస్తుంది, ఫోన్‌లో వెతుకుతుంది, పిల్లల డాక్టరుకు మెసేజ్ పెడుతుంది.

బిడ్డ ఎదుగుదలకు మన తెలుగిళ్లలో పిండివంటల లెక్క ఒకటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు. ఎంతో ముచ్చటైన ఆచారం. బిడ్డ కొత్తగా ఏం నేర్చిందో ఇంటిల్లిపాదీ కనిపెట్టి ఉండేలా చేసింది, వీధిలోవాళ్లకూ పంచింది. కానీ ఆ వరసలో ఒకదానికి మాత్రం ఏ వంటా లేదు. పది, పన్నెండు నెలల మధ్య ఒకరోజు తల్లి చంకలో ఉన్న బిడ్డ పిట్టగోడ మీది కాకిని చూస్తుంది. చేయి చాపి, నాలుగు వేళ్లు ముడిచి, ఒక్క చూపుడువేలిని దానివైపు నిలుపుతుంది. "ఆ!" అంటుంది. అని ఊరుకోదు, గిర్రున తిరిగి తల్లి మొహంలోకి చూస్తుంది. మళ్లీ కాకి వైపు చూస్తుంది. మొదటి పుట్టినరోజుకు దగ్గరపడిన బిడ్డలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఏదంటే, తొలి అడుగు కాదు, ఇదేనంటాను.

ముందు ఆ నడక బెంగ తీర్చుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఎనిమిది వందలకు పైగా పిల్లలను క్రమం తప్పకుండా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. అందరూ ఆరోగ్యంగా, సరైన తిండితో పెరుగుతున్నవాళ్లే. వాళ్లలో దేన్నీ పట్టుకోకుండా నడక మొదలైన వయసు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా పరుచుకుని ఉంది. సగటు చూస్తే 12 నెలలకు కాస్త అటూ ఇటూ. ఆ సగటును పట్టుకుని గడువులా భావించడం వల్లే ఇంత బెంగ. సగటు అంటేనే చాలామంది దానికి ముందో వెనకో ఉంటారని అర్థం. అదే పరిశీలనలో నూటికి నలుగురికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్లూ ఆనించి దోగాడనే లేదు. కూర్చున్నచోటి నుంచే జరుగుతూనో, పొట్టమీద పాకుతూనో, మరో దారిలోనో లేచి నడిచేశారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. రెండు నెలలు ముందు పుడితే ఆ రెండు నెలలూ తీసేసి వయసు చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లు ఇలాగే చూస్తారు. పెద్దలకు ఈ సంగతి గట్టిగా చెప్పాల్సి వస్తే మొహమాటపడకండి.

నడక నేర్చుకోవడం ఎంత కష్టమైన పనో కూడా కాస్త చూడాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుండగా వీడియో తీసి అడుగులు లెక్కపెట్టారు. 2012లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం గంటకు సగటున 2,368 అడుగులు, 17సార్లు పడటం. ఎవరూ వెంటపడి నేర్పడం లేదు, ఎవరూ తరమడం లేదు. పడతారు, లేస్తారు, మళ్లీ పోతారు. అంతకన్నా ఆశ్చర్యం ఇంకొకటి తేలింది. చక్కగా పాకడం వచ్చిన బిడ్డ దాన్ని మానేసి తప్పటడుగుల్లోకి ఎందుకు దిగుతుంది? పడే బాధ ఎక్కువ కదా? తిరిగిన దూరంతో పోల్చి చూస్తే కొత్తగా నడిచేవాళ్లు పాకేవాళ్లకన్నా ఎక్కువేం పడటం లేదట. పైగా తక్కువ సేపట్లో ఎక్కువ దూరం పోతున్నారు. పాకే బిడ్డ కళ్లకు ఎక్కువగా కనిపించేది నేల. నిలబడగానే గది మొత్తం కనిపిస్తుంది, అమ్మ మొహం కనిపిస్తుంది, చేతులు ఖాళీ అవుతాయి. అందిన గిన్నెనో చెప్పునో పట్టుకుని నడిచి తెచ్చి మన ఒళ్లో పెట్టగలుగుతుంది.

అందుకే బిడ్డను కూర్చోబెట్టి తోసే చక్రాల బేబీ వాకర్ వద్దంటాను. అందులో బిడ్డ తన కాళ్లను తాను చూసుకోలేదు, తూలితే నిలదొక్కుకోవడం నేర్చుకోదు. క్షణంలో మెట్లదాకానో పొయ్యిదాకానో పోతుంది. ఈ ప్రమాదాలు చూసే కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాతకాలపు చెక్క మూడుచక్రాల బండి వేరు. దాన్ని పట్టుకుని బిడ్డ తన బరువు తనే మోసుకుంటూ, తన అడుగు తనే వేస్తుంది. చుట్టూ పెద్దవాళ్లుంటే చాలు.

ఇక వేలి దగ్గరికి వద్దాం. ఆ ఒక్క వేలు లేవడానికి వెనక చాలా పనులు కలిసిరావాలి. మొదటిది చేతి పని. ఆరో నెలలో బిడ్డ దేన్నైనా అరచేయి మొత్తంతో, గుప్పిటతో లాక్కుంటుంది. తొమ్మిది, పది నెలలకు నేలమీద పడ్డ ఒక్క మరమరాన్ని గమనించండి. బిడ్డ ముందు దానివైపు వంగుతుంది, చూపుడువేలితో పొడిచి చూస్తుంది, బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిపి పట్టుకుంటుంది. జారిపోతుంది. మళ్లీ పడుతుంది. ఈసారి నోట్లోకి పోతుంది. ఇంట్లో చిన్న వస్తువులు ప్రమాదకరంగా మారేదీ ఈ నెలల్లోనే. పల్లీ, బఠాణీ, చొక్కా గుండీ, బటన్ బ్యాటరీ ఏదీ నేలమీద ఉండకూడదు.

రెండోది జ్ఞాపకం. కంటికి కనబడనిది లేదనుకునే దశ నుంచి, కనబడకపోయినా అక్కడే ఉందనుకునే దశకు బిడ్డ ఈ నెలల్లో వస్తుందని మొదట చెప్పినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన ఝాఁ పియాజే. తన ముగ్గురు పిల్లలను దగ్గరుండి గమనించి, 1937లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతులు రాశాడు. ఆయన పరీక్షను ఏ ఇంట్లోనైనా చేసి చూడొచ్చు. రెండు చేతిరుమాళ్లు పక్కపక్కన పరవండి. బిడ్డ చూస్తుండగా తాళంచెవుల గుత్తిని ఎడమ రుమాలు కింద పెట్టండి. తొమ్మిది నెలల బిడ్డ రుమాలు లాగి తీసేస్తుంది. ఇంకోసారి అక్కడే పెట్టండి, మళ్లీ తీస్తుంది. ఇప్పుడు బిడ్డ కళ్లెదురుగానే కుడి రుమాలు కింద పెట్టి, ఐదారు క్షణాలు ఆగనివ్వండి. చాలాసార్లు చేయి ఎడమ రుమాలు మీదికే పోతుంది! కళ్లారా చూసి కూడా.

వస్తువు ఎక్కడికి పోయిందో బిడ్డకు ఇంకా పూర్తిగా తెలియదని పియాజే అన్నాడు. ఆ తర్వాత పరిశోధకులు చూపులను కొలిచి, మూడున్నర నెలల పిల్లలకే దాగిన వస్తువు ఉందన్న ఎరుక కొంత ఉన్నట్టు చూపించారు. మరి చేయి ఎందుకు తప్పుతోంది? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు 1985లో ఎడెల్ డైమండ్ ఇచ్చారు. రెండేసి వారాలకోసారి అవే పిల్లలను పరీక్షిస్తూ పోతే, ఏడున్నర నెలల బిడ్డ రెండు క్షణాలు ఆగినా తప్పుతోంది, ఏడాది నిండేసరికి పది క్షణాలు ఆగినా సరిగ్గా తీస్తోంది. ఆ మధ్య నెలల్లో పదును తేలుతున్నది నుదుటి వెనకున్న మెదడు భాగం. చూసినదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం, అలవాటైన చోటికి దూకబోయే చేతిని ఆపడం, ఈ రెండూ దాని పనులే. మెదడు మొత్తంగా కూడా ఈ ఏడాదిలో పుట్టినప్పటికన్నా రెట్టింపు పరిమాణానికి వస్తుంది. దోబూచులాటలో బిడ్డ అంతగా కేరింతలు కొట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కొంగు చాటున అమ్మ ఉందని తెలుసు, ఎప్పుడు బయటపడుతుందో తెలియదు.

తెలిసినదానికి ఇంకో ముఖమూ ఉంది. అమ్మ కనబడకపోయినా ఎక్కడో ఉందని తెలిసిన బిడ్డకే, అమ్మ వెళ్లిపోయిందని ఏడవడం వస్తుంది. నిన్నటిదాకా ఎవరెత్తుకున్నా నవ్విన పాప ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మను చూసి అమ్మ భుజంలో మొహం దాచుకుంటుంది. పెద్దమ్మ నొచ్చుకుంటుంది, తల్లి సిగ్గుపడుతుంది. మంకు నేర్చుకుందనో గారాబం ఎక్కువైందనో తీర్పులు వస్తాయి. నిజానికి అది ఎదుగుదల. ఎనిమిదో నెల నుంచి ఏడాది దాటేదాకా చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించే రోజు బిడ్డ గుక్కపట్టి ఏడవడంలో కత్తి భయం కొంతే, కొత్త మనిషి చేతులు తల పట్టుకోవడం మిగతాది. తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని చేయిస్తే సగం ఏడుపు తగ్గుతుంది. పనికి వెళ్లే తల్లి చాటుగా జారుకోవడం కన్నా, చెప్పి, చేయి ఊపి వెళ్లడమే మంచిది. కాసేపు ఏడ్చినా, వెళ్లినమ్మ తిరిగొస్తుందన్న లెక్క బిడ్డకు కుదురుతుంది.

మూడోది మొహం చదవడం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ఒక బల్ల తయారుచేసి, దానితో చేసిన పరీక్షల ఫలితాలను 1960లో ప్రకటించారు. బల్ల మీదంతా గట్టి అద్దం. సగంలో అద్దం కిందే గళ్ల గుడ్డ, మిగతా సగంలో ఆ గళ్లు బాగా కింద ఎక్కడో. అంటే చూడ్డానికి లోయ, నిజానికి నేల. పాకే పిల్లల్లో చాలామంది ఆ లోయ అంచున ఆగిపోయారు. 1985లో జేమ్స్ సోర్స్, జోసెఫ్ కాంపోస్, వాళ్ల బృందం అదే ఏర్పాటును కొంచెం మార్చారు. లోతు బాగా తగ్గించి, భయపడాలా వద్దా అని బిడ్డ తేల్చుకోలేనంతగా ఉంచారు. అవతలి వైపు తల్లి నిలబడింది. ఆమె మాట్లాడకూడదు, మొహంతోనే చెప్పాలి. బిడ్డల వయసు పన్నెండు నెలలు. తల్లి నవ్వుమొహం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు. భయపడ్డ మొహం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. ఏడాది నిండే బిడ్డ తనకు తెలియని విషయాన్ని ఇంకొకరి మొహంలో వెతుక్కుంటుందని దీని అర్థం. బిడ్డ బోర్లా పడ్డప్పుడు ఒక్క క్షణం ఆగి మనవైపు చూస్తుంది కదా. మనం "అయ్యయ్యో" అంటూ ఉరికితే ఏడుపు లంకించుకుంటుంది. చేయి చాపి "లే నాన్నా" అంటే లేస్తుంది.

నాలుగోది వినడం. ఈ చెవి సంగతి తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. ట, త అక్షరాల తేడా మనకు పుట్టుకతో వచ్చినంత సులువుగా వినిపిస్తుంది. పాట, పాత, కోట, కోత. ఇంగ్లీషే వింటూ పెరిగినవాళ్లకు ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఈ ట, త జంటనే తీసుకుని ఇంగ్లీషు ఇళ్ల పిల్లలకు వినిపించారు. శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న బొమ్మ కదులుతుంది, అదే పరీక్ష. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలవాళ్లలో పట్టగలిగినవాళ్లు అతి కొద్దిమంది. హిందీ ఇళ్ల పిల్లలకు మాత్రం ఏడాది దగ్గరపడినా తేడా తెలుస్తూనే ఉంది. 1984లో ఇది అచ్చయినప్పటి నుంచి పసిపిల్లల భాష గురించి ఆలోచనే మారిపోయింది. అన్ని భాషల శబ్దాలకూ తెరుచుకుని పుట్టిన చెవి, మొదటి పుట్టినరోజు నాటికి తన ఇంటి భాషకు అమరుతుంది.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలను కంటున్న తెలుగు తల్లిదండ్రులు దీన్ని మనసుపెట్టి వినాలి. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయని భయపడి తెలుగు మానేస్తున్న ఇళ్లు ఉన్నాయి. ఆ భయం అక్కర్లేదు. ఎవరో ఒకరు తెలుగులో పలకరిస్తూ ఉంటే చెవి తెలుగుకూ అమరుతుంది. అయితే "ఎవరో ఒకరు" అన్నది మనిషే అయి ఉండాలి. సియాటిల్‌లో పెట్రీషియా కూల్ తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ భాషను పన్నెండు విడతలుగా వినిపించారు. కొందరికి ఎదురుగా కూర్చుని ఆడించే మనుషుల ద్వారా, కొందరికి అవే మనుషులున్న టీవీ ద్వారా. 2003లో ఫలితం వచ్చింది. మనిషి దగ్గర విన్న పిల్లలు మాండరిన్ శబ్దాల తేడా పట్టారు, టీవీ పిల్లలకు ఏమీ పట్టుబడలేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్‌లో పాట పెట్టి అన్నం తినిపించే తల్లిని నిందించడం నా ఉద్దేశం కాదు, ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చే ఆమె అవస్థ నాకు తెలుసు. అందుకే ఈ బరువు ఆమె ఒక్కదాని మీద పడకూడదు. తండ్రి, తాత, నాయనమ్మ రోజుకు కాసేపైనా బిడ్డ మొహంలోకి చూస్తూ కబుర్లు చెప్పాలి. వీడియో కాల్‌లో అమ్మమ్మ బిడ్డ ఊకొట్టినప్పుడల్లా బదులిస్తుంది, ఆగుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. ఊరికే మోగుతూ పోయే కార్టూన్‌తో దాన్ని ఒక గాట కట్టకూడదు.

చేయి, జ్ఞాపకం, ఎదుటి మొహం, విన్న మాట. ఇవన్నీ కలిసి వచ్చినచోట వేలు లేస్తుంది. 1975లో ఎలిజబెత్ బేట్స్, ఇటలీకి చెందిన సహచరులు ఇందులో రెండు రకాలు గుర్తించారు. "అది ఇవ్వు" అని చూపడం ఒకటి. "అది చూడు" అని చూపడం రెండోది. బిస్కెట్ డబ్బా వైపు చూపితే మొదటిది, కాకిని చూపితే రెండోది. కాకిని ఇమ్మని బిడ్డ అడగడం లేదు. తను చూసినదాన్ని అమ్మ కూడా చూడాలని కోరుతోంది. అంటే తనకో మనసుంది, అమ్మకో మనసుంది, రెండూ ఒకే కాకి మీద కలవొచ్చు అన్నది బిడ్డకు అందింది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉల్ఫ్ లిష్కోవ్‌స్కీ, మైఖేల్ టోమసెల్లో బృందం దీన్ని 2004లో పరీక్షించింది. పన్నెండు నెలల బిడ్డ తెర వెనక నుంచి తొంగిచూసిన బొమ్మను చూపినప్పుడు పెద్దవాళ్లు నాలుగు రకాలుగా స్పందించారు. బొమ్మను మాత్రమే చూడటం, బిడ్డ మొహాన్ని మాత్రమే చూసి ముద్దు చేయడం, అసలు పట్టించుకోకపోవడం, బొమ్మనూ బిడ్డనూ మార్చి మార్చి చూస్తూ సంబరపడటం. బిడ్డలు తృప్తిపడింది నాలుగోదానికే. మిగతావాటిలో ఒకే బొమ్మకు మళ్లీ మళ్లీ వేలు చూపారు, విడతలు గడిచేకొద్దీ చూపడమే తగ్గించేశారు.

బిడ్డ వేలు చూపగానే మనం చేయాల్సింది ఆ ప్రయోగంలోనే ఉంది. ఆ వైపు చూసి, బిడ్డవైపు తిరిగి, "అవును, కాకి! కాకి ఎగిరిపోయింది" అనాలి. ఆ క్షణంలో బిడ్డ మనసు ఆ కాకి మీదే ఉంటుంది కాబట్టి పేరు అతుక్కుంటుంది. బిడ్డ దేన్ని వేలితో చూపడం మొదలుపెడుతుందో, కొన్ని నెలలకు దాని మాటే నోట్లోకి వస్తుందని జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో చూపించారు. పద్నాలుగో నెలలో సైగలతో ఎక్కువ చెప్పిన పిల్లలకు నాలుగున్నరేళ్లకు మాటల సంపద ఎక్కువగా ఉందని 2009లో గోల్డిన్-మెడో, మెరెడిత్ రో చెప్పారు. నడక వచ్చిన పిల్లలు వస్తువు తీసుకుని మన దగ్గరికే నడిచొస్తారు కాబట్టి, వాళ్లకు మనం చెప్పే మాటలు కూడా ఎక్కువవుతాయి. నడకకూ మాటకూ సంబంధం ఇక్కడుంది.

ఈ మెదడు పనికంతటికీ తిండి కావాలి. పుట్టినప్పటి బరువుకు ఏడాదికి దాదాపు మూడింతలు కావాలని పెద్దలకూ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పన్నెండు నెలలకు మధ్యస్థ బరువు మగపిల్లలకు 9.6 కిలోలు, ఆడపిల్లలకు 8.9 కిలోలు. అందరం తక్కెడ చూస్తాం. రక్తంలో ఇనుము సంగతి మాత్రం చూడం. తల్లి కడుపులో దాచుకున్న ఇనుము ఆరు నెలలకు అడుగంటుతుంది, తల్లిపాలలో అది తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం. ఈ అంకెలు చదివి ఊరుకోలేం. కోస్టారికాలో బెట్సీ లోజాఫ్, రెండేళ్లలోపు ఇనుము లోపంతో బాగా రక్తహీనత వచ్చిన పిల్లలను ఐదేళ్లకు మళ్లీ పరీక్షిస్తే, మందుతో రక్తం బాగుపడినా పరీక్షల్లో తోటివాళ్లకన్నా వెనకే ఉన్నారు.

కాబట్టి పల్చటి చారుతో కలిపిన అన్నం, పాలలో ముంచిన బిస్కెట్ ఈ వయసుకు చాలవు. గట్టిగా కలిపిన పప్పన్నంలో నెయ్యి, ఆకుకూర, నాలుగు చుక్కల నిమ్మరసం, తినే ఇళ్లలో గుడ్డు, ముళ్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన కాలేయం పెట్టాలి. నిమ్మరసం ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. తల్లిపాలు రెండేళ్లదాకా, ఆపైనా ఇవ్వొచ్చు. ఏడాదిలోపు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారం కాకూడదు. తేనె నాకించడం మాత్రం పుట్టినరోజు దాకా పూర్తిగా ఆపాలి. అందులో ఉండే బొట్యులినం సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు బిడ్డ పేగులో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేయగలవు. పళ్లెంలోకి చేయి పెట్టి కెలికినా, మొహమంతా పూసుకున్నా పెట్టనివ్వండి. మరమరం పట్టిన ఆ రెండు వేళ్లకు అది కూడా పనే.

నడక ఆలస్యమైతే కంగారు వద్దన్నాను కదా. కంగారు పడకపోయినా కదలాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. పన్నెండు నెలలు నిండినా పట్టుకుని నిలబడలేకపోవడం, ఒక చేతినే వాడి రెండోదాన్ని పట్టించుకోకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలు చూపడం, చేయి ఊపడం వంటి సైగ ఒక్కటీ లేకపోవడం, వచ్చిన పని ఏదైనా పోవడం. ఇందులో ఏది కనబడినా పిల్లల డాక్టరుకు చూపించాలి. బబబ, దదద అంటూ అక్షరాలను గొలుసుకట్టుగా పలకడం పది నెలలకల్లా వినిపించాలి. చెవుడుతో పుట్టిన పిల్లల్లో అది ఆలస్యమవుతుంది. అందుకని పదకొండో నెలలోనూ ఆ గొలుసు వినిపించకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. "వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అన్న ఓదార్పు ఇంటింటా ఉన్నదే. మేనమామ చెవి మంచిదే కావొచ్చు, ఈ బిడ్డ చెవిని విడిగా చూడాలి.

తొమ్మిది నెలలు నిండాక తట్టు, రూబెల్లా టీకాకూ, విటమిన్ ఎ చుక్కలకూ ఎలాగూ తీసుకెళ్తాం. వీటిలో ఏది ఎప్పుడు గమనించాలో ఆ రోజే ఏఎన్‌ఎమ్‌నో డాక్టరునో అడగొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తాయి, అవసరమైతే ఎదుగుదల లోపాలకు ముందుగానే చికిత్స అందించే జిల్లా కేంద్రానికి (డీఈఐసీ) పంపుతాయి. బృందం ఎప్పుడొస్తుందో మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడిగితే చెబుతుంది.